నల్లగింజ పడే పది మిల్లీసెకన్లు

ప్రశ్న: మాస్టారూ, నేను మండపేటలో రైస్ మిల్లు ఆపరేటర్నండి. మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ఆఖరి ఏడు. బియ్యపుగింజల ఫొటోలతో న్యూరల్ నెట్‌వర్క్ సిమ్యులేషన్ ప్రాజెక్టు చేస్తుందట, లక్షన్నర కంప్యూటర్ కొనమంటోంది. బియ్యాన్ని రంగు చూసి ఏరే మా సార్టెక్స్ మిషను ఏ నెట్‌వర్కూ లేకుండానే నల్లగింజని ఎగరగొడుతోంది కదండీ. మరి ఇదెందుకు?

జవాబు: కంప్యూటర్ కొనకండి. ప్రాజెక్టు మాత్రం ఆపకండి.

మీ మిషనులో గింజ వాలుపలక మీద జారి కెమెరా ముందుగా పడుతుంది. ఆ కెమెరా మన ఫోనులా బొమ్మంతా ఒకేసారి తీయదు, గీత వెంట గీత తీస్తుంది. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనీ, కెమెరా చూసే చోటుకి 3 సెంటీమీటర్ల కింద గాలి ఊదే గొట్టం ఉందనీ అనుకోండి. చూడ్డం, తేల్చుకోవడం, వాల్వు తెరవడం, అన్నీ 10 మిల్లీసెకన్లలో అయిపోవాలి. అందుకే పాతరకం మిషన్లు ఒక్కటే లెక్క పెట్టుకున్నాయి: గింజ మీద వెలుతురు ఇంతకన్నా తగ్గితే ఊదెయ్యడం. ఆ 'ఇంత' ఎంతో మీరే సెట్ చేస్తారు.

నల్లగింజకి అది చాలు. కానీ మన మార్టేరు వరి పరిశోధనా కేంద్రం వాళ్ళు 1982లో ఇచ్చిన స్వర్ణ రకంలోనే, పొట్ట దగ్గర సుద్దలా తెల్లబడ్డ గింజ వస్తే? తుపానుకి తడిసి లేతపసుపు తిరిగిన గింజ వస్తే? రంగు, ఆకారం, మచ్చ ఉన్న చోటు, మూడూ కలిపి చూడాలి. చాటలో బియ్యం ఏరే ఆడవాళ్ళు ఒక్కచూపులో పట్టేస్తారు. ఎలా పట్టారమ్మా అంటే చెప్పలేరు. నోటితో చెప్పలేని దాన్ని లెక్కగా రాయలేం కాబట్టే, గింజలు చూపించి నేర్పాలి.

న్యూరల్ నెట్‌వర్క్ అంటే మెదడు కణాల అల్లికని పోలిన లెక్క, దాన్ని కంప్యూటర్లో నడిపి చూడ్డమే సిమ్యులేషన్, భయపడనక్కర్లేదు. కణానికీ కణానికీ మధ్య లంకె ఒక అంకె, అంతే. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనే శాస్త్రవేత్త, చూసి నేర్చుకునే తన తొలినాటి నెట్‌వర్క్ పర్సెప్ట్రాన్‌ని 1958లో ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఇలాగే అంకెలతో నడిపి చూపించాడు. తర్వాత కట్టిన యంత్రానికి 400 ఫొటోసెల్స్ కళ్ళు. లంకెల బలం మార్చడానికి మోటార్లు నాబులు తిప్పేవి!

ఆ 400నే తీసుకుందాం. గింజబొమ్మకి అడ్డంగా 20, నిలువుగా 20 చుక్కలు, మధ్యవరసలో 30 కణాలు. ప్రతి చుక్కకీ ప్రతి కణంతో ఒక లంకె, అంటే గింజకి 12,000 గుణకారాలు. గంటకి టన్ను బియ్యం, కిలోకి 60,000 గింజలు అనుకుంటే సెకనుకి దాదాపు 17,000 గింజలు, అంటే 20 కోట్ల గుణకారాలు. మామూలు ల్యాప్‌టాప్‌కి ఇది మోయలేని బరువేం కాదు. నేర్పడానికి రాత్రంతా పట్టినా పట్టనివ్వండి. తొందరంతా గింజ పడే వేళే.

నాకు తగిలిన దెబ్బ పాపకి తగలకూడదు. మంచిగింజల ఫొటోలు పొద్దున్న, చెడ్డవి సాయంత్రం తీశాను. నా నెట్‌వర్క్ నూటికి 98 సరిగ్గా చెప్పింది. మధ్యాహ్నం తీసినవి చూపిస్తే అంతా తారుమారు. అది నేర్చుకున్నది గింజని కాదు, ఎండని. రెండు నెలల పని మళ్ళీ మొదటికొచ్చింది.

అందుకని ఒకటే బల్బు, ఒకటే నీలంగుడ్డ పెట్టి, మంచీ చెడూ కలిపి తీయమనండి. ఏది ఏ రకమో మీ మిల్లులో ఏరేవాళ్ళనే, ఇద్దరిని వేర్వేరుగా అడగమనండి. వాళ్ళిద్దరి మాటా కలవని గింజల్ని వేరే పొట్లం కట్టాలి, అవే అసలు కష్టమైనవి. సార్వా గింజలతో నేర్పి, దాళ్వా గింజలతో పరీక్ష పెట్టి, ఎన్ని తప్పాయో నాకు రాయమనండి.