స్కూల్ రేటింగ్ ఏ నుంచి బీకి వచ్చింది, ఇల్లు మారాలా?

2022లో డాలస్ ఉత్తరం వైపు ఇల్లు కొన్నప్పుడు ఎలిమెంటరీ స్కూలుకి "ఏ" రేటింగ్ ఉందని, 2025లో అది బీ అయిందని, పాప ఇప్పుడే థర్డ్ గ్రేడ్‌లోకి వచ్చింది కాబట్టి పక్క స్కూలు జోన్‌లో ఇల్లు చూడాలా అని అడిగారు. కారణం రేటింగ్ ఒక్కటే అయితే వద్దండీ. మా ఇద్దరు పిల్లలూ ఇటువైపు ఎలిమెంటరీలోనే చదివారు. ఈ అంకెలు పట్టుకుని మా ఇంట్లో కూడా చాలా వాదనలు జరిగాయి.

ముందు ఆ ఏ, బీల సంగతి. 2023లో టెక్సస్ రాష్ట్రం రేటింగ్ లెక్క కట్టే పద్ధతి మార్చింది. కొన్ని స్కూల్ డిస్ట్రిక్ట్‌లు కోర్టుకెళ్ళాయి. ఆ గొడవ వల్ల 2023 రేటింగులు 2025 ఏప్రిల్ దాకా బయటికే రాలేదు. 2024వీ 2025వీ కలిపి ఆ ఆగస్టులో వదిలారు. పిల్లలకి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష కూడా 2023లోనే మారింది. మొత్తం కంప్యూటర్ మీదకి వెళ్ళింది, ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నలు 75 శాతం దాటకూడదన్నారు, థర్డ్ గ్రేడ్ నుంచే వ్యాసం పెట్టారు. మీరు కొన్నప్పటి "ఏ" పాత లెక్కలోది, ఇప్పటి బీ కొత్త లెక్కలోది. స్కూలు నిజంగా దిగజారిందో లేదో తెలియాలంటే 2023, 2024, 2025 మూడూ వరసగా చూడండి.

ఎలిమెంటరీ రేటింగ్ దాదాపుగా స్టార్ పరీక్ష మీదే నడుస్తుంది. మూడో తరగతి నుంచి మ్యాథ్స్, రీడింగ్, ఐదులో సైన్స్ కూడా. పిల్లల స్కోర్లు ఒక లెక్క, పోయిన ఏడాదితో పోలిస్తే ఎంత ముందుకెళ్ళారన్నది ఇంకో లెక్క. ఈ రెండిట్లో స్కూలుకి ఏది ఎక్కువ వస్తే దానికి 70 శాతం. మిగతా 30 శాతం రకరకాల వర్గాల పిల్లలు ఎలా చేస్తున్నారన్నదానికి. మీరు చూడాల్సింది ఆ ప్రోగ్రెస్ లెక్క. రాష్ట్రం సైట్‌లో స్కూలు పేరు కొడితే విడిగా కనిపిస్తుంది.

ఎందుకంటే మన వాళ్ళు ఎక్కువగా ఉండే కమ్యూనిటీల్లో సాయంత్రం కుమాన్ ట్యూషన్ సెంటర్ ముందు పార్కింగ్ దొరకదు. ఆ స్కూళ్ళ మాస్టర్స్ (స్టార్‌లో అన్నిటికన్నా పై స్థాయి) శాతంలో టీచర్ల కష్టం ఎంత, అమ్మానాన్నల క్రెడిట్ కార్డు ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పరు. టీవీలో కార్పొరేట్ కాలేజీల ఒకటి, ఒకటి, రెండు, మూడు ర్యాంకుల ప్రకటనలు వింటూ పెరిగిన వాళ్ళం కదా, ఇక్కడికొచ్చినా ఇళ్ళు వెతికే జిల్లో యాప్‌లో ఇంటి ఫొటో కన్నా ముందు స్కూలుకి పదికి ఎంత ఇచ్చారో చూస్తాం. నేనూ అంతే, ఇప్పటికీ.

ఇంకోటి, ఒక్కో గ్రేడ్‌లో పిల్లలు ఎంతమందో కనుక్కోండి. ఎనభై మంది ఉన్నారనుకుందాం. ఎనిమిది మంది ఫ్యామిలీలు వేరే ఊరు వెళ్ళి, వాళ్ళ బదులు వేరే స్కూళ్ళ నుంచి వచ్చిన ఎనిమిది మంది చేరితే మీట్స్ (మాస్టర్స్ కింది స్థాయి) శాతం పది దాకా కదలొచ్చు. టీచర్లు వాళ్ళే, పాఠాలు అవే.

ఇప్పుడు మీ పాప గురించి. రేటింగ్ కన్నా తన సొంత రిపోర్టు మీకు చాలా పనికొస్తుంది. రిజల్ట్స్ వచ్చాక స్కూలు ఇచ్చే యాక్సెస్ కోడ్‌తో ఫ్యామిలీ పోర్టల్‌లోకి వెళ్తే పాప ఏ ప్రశ్నకి ఏం రాసిందో కనిపిస్తుంది. చాలామంది మీట్స్ వచ్చిందా మాస్టర్స్ వచ్చిందా చూసి మూసేస్తారు. మా పెద్దమ్మాయికి ఫోర్త్ గ్రేడ్‌లో రీడింగ్ మీట్స్ వచ్చింది, వ్యాసంలో మాత్రం సున్నా. బోలెడు పుస్తకాలు చదివే పిల్ల, సున్నా ఏంటని మా ఆయనకి ఒకటే టెన్షన్. పోర్టల్‌లో తను రాసింది చదివితే తెలిసింది. ఇంగ్లిష్ బాగానే ఉంది, కానీ ఇచ్చిన పాఠంలోంచి ఒక్క ఆధారం కూడా లేదు, అంతా సొంత కవిత్వం. వ్యాసానికి పది పాయింట్లు. అందులో విషయానికి సున్నా పడితే స్పెల్లింగ్, గ్రామర్ ఎంత బాగున్నా వాటికీ సున్నాయే. పైగా 2024 స్ప్రింగ్ నుంచి చాలా వ్యాసాలు కంప్యూటరే దిద్దుతోంది. ఆ తర్వాత ట్యూషనేమీ పెట్టలేదు. ఏ పాఠం చదివినా "నీకెలా తెలుసు, ఎక్కడుందో చూపించు" అని అడగడం మొదలుపెట్టాం. మరుసటి ఏడాది వ్యాసంలో పాయింట్లు వచ్చాయి. మీ పాప ఇంకా థర్డ్ గ్రేడే కాబట్టి ఇది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

టెస్ట్ పోతే అదే క్లాసులో కూర్చోబెడతారన్న భయం వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది. ఫిఫ్త్ గ్రేడ్ పిల్లలకి ఒకప్పుడు ఆ రూలు ఉండేది, 2021లో తీసేశారు. ఇప్పుడు పాస్ కాని పిల్లలకి స్కూలే అదనంగా పాఠం చెప్పాలి.

మీరు అడగలేదు గానీ చిన్నబాబు కూడా ఉన్నాడన్నారు కాబట్టి చెప్తున్నా. స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడుగుతారు. "ఇంగ్లిష్ అని రాసెయ్యండి, లేకపోతే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకిచ్చే ప్రత్యేక సాయం) పడేస్తారు" అనే సలహా మీ చెవిన పడే ఉంటుంది. మేం తెలుగు అనే రాశాం. మా చిన్నవాడికి ఇంగ్లిష్ టెస్ట్ పెట్టారు, ఈఎస్ఎల్ ఇచ్చారు, ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అనే ఇంకో పరీక్ష ఏటా రాశాడు, సెకండ్ గ్రేడ్ చివర్లో బయటికొచ్చాడు. వాడికి దొరికిన సాయమే తప్ప నష్టమేమీ కనిపించలేదు. ఇంట్లో అమ్మమ్మతో గలగలా తెలుగు మాట్లాడే పిల్లాడి పేరు మీద ఇంగ్లిష్ అని రాయడం నాకు అప్పుడూ నచ్చలేదు.

ఇక ఇల్లు. మీరు చూస్తున్న పక్క జోన్‌కి ఈ రోజు "ఏ" ఉంది, సరే. ఇటువైపు కొత్త స్కూలు కట్టినప్పుడల్లా సరిహద్దులు మళ్ళీ గీస్తున్నారు. ఎక్కువ వడ్డీకి లోను తీసుకుని వెళ్ళాక ఆ వీధే ఇంకో స్కూలుకి మారిపోవచ్చు. పైగా 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ ఉండదు. దాని బదులు ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు పెడతారు. అంటే మీ పాప ఫిఫ్త్ గ్రేడ్‌కి వచ్చేసరికి లెక్క మళ్ళీ మారుతుంది.

అయినా మనసు ఊరుకోకపోతే ప్రిన్సిపాల్‌ని కలవండి, అపాయింట్‌మెంట్ ఇస్తారు. థర్డ్, ఫోర్త్ గ్రేడ్ టీచర్లలో ఎంతమంది రెండేళ్ళుగా అక్కడే ఉన్నారో, సర్టిఫికేషన్ లేని వాళ్ళు ఎవరైనా చెప్తున్నారో అడగండి. జవాబు దాటేస్తే, లేదా ఏటా సగం మంది మారిపోతున్నారని తెలిస్తే, అప్పుడు ఇల్లు మారే మాట ఆలోచించొచ్చు.