ముందు ఊరు, ఆ తర్వాతే రంగులు

(భోజనశాలల రూపకల్పనపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది గుంటూరు. బర్మింగ్‌హామ్‌లో ఇంటీరియర్ డిజైన్ చదివి, ఇక్కడే ఒక చిన్న సంస్థలో మూడేళ్లు పనిచేశాను. ఇప్పుడు మొదటిసారిగా సొంతంగా ఒక పని దొరికింది. పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబం పాత బట్టల దుకాణాన్ని 70 మంది కూర్చునే రెస్టారెంటుగా మార్చుకుంటోంది. యజమాని తాతగారు 1960లలో పాకిస్తాన్ ఆధీనంలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి ఇక్కడికి వచ్చారట. వంటవాళ్లు మాత్రం లాహోరువాళ్లు. కడాహీ గోష్త్ (మూకుట్లో వండే మాంసం), నిహారీ (చాలాసేపు ఉడికించే మాంసం పులుసు), టకాటక్ ముఖ్యమైన వంటకాలు. "లోపలికి అడుగుపెట్టగానే పాకిస్తాన్ కనబడాలి" అంటూ యజమాని బాద్‌షాహీ మసీదు, శీష్ మహల్, రంగురంగుల లారీలు, జాతీయ జెండా ఫొటోలు పంపారు. అన్నీ కలిపి గీసి చూస్తే పెళ్లి మంటపంలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? నాది కాని సంస్కృతిని ఇలా చేతుల్లోకి తీసుకోవచ్చా అన్న సంకోచం కూడా పీడిస్తోంది.
— ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: మీ బొమ్మ పెళ్లి మంటపంలా రావడం మీ చేతి లోపం కాదు. వేర్వేరు ఊళ్లకు, వేర్వేరు కాలాలకు చెందిన వస్తువులను తెచ్చి ఒకే గదిలో నిలబెడితే ఎవరు గీసినా అలాగే వస్తుంది. సింధులో అజ్రక్ బట్ట, ముల్తాన్‌లో నీలి పలకలు, చినియోట్‌లో చెక్కపని, పెషావరులో సమోవారు (టీ కాచే పెద్ద లోహపు పాత్ర) టీ, కరాచీలో ఇరానీ హోటళ్లు ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి చూపగల ఒకే ముఖం పాకిస్తాన్‌కు లేదు. తెలుగు భోజనశాల అంటూ ఎవరైనా చార్మినారును, తిరుమల గోపురాన్ని, కోనసీమ కొబ్బరిచెట్లను ఒకే గోడ మీద వేస్తే మనకు ఎంత పరాయిగా తోస్తుందో, మీర్‌పూర్ నుంచి వచ్చిన కుటుంబానికి మీ మొదటి బొమ్మ అంత పరాయిగానూ తోచవచ్చు. కాబట్టి ముందు ఊరిని ఎంచుకోండి.

ఆ ఊరు ఏదో మీ వంటకాల పట్టికే చెబుతోంది. లాహోరు నడిబొడ్డున లక్ష్మీ చౌక్ అనే కూడలి ఉంది; విభజనకు ముందు కట్టిన లక్ష్మీ బిల్డింగు వల్ల వచ్చిన ఆ పేరే జనం నోట నేటికీ ఉంది. కడాహీకి పేరుపడ్డ ఆ చుట్టుపక్కల దుకాణాల తీరు గమనిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. అక్కడ పొయ్యిలు వీధివైపు ఉంటాయి, జనం కూర్చునే చోటు వాటి వెనుకో మేడ మీదో ఉంటుంది. కిలో, అరకిలో లెక్కన చెప్పిన మాంసాన్ని మూకుట్లో వేసి, టమాటాలు, అల్లం, పచ్చిమిర్చితో పెద్ద మంట మీద అప్పటికప్పుడు వండి, ఆ మూకుడుతోనే తెచ్చి బల్ల మీద పెడతారు. దీనికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంట వచ్చినవాళ్లు ఏం చూస్తూ కూర్చుంటారన్నదే మీ రూపకల్పనలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. లాహోరులో వాళ్లు మంటను చూస్తారు, గరిటె మూకుడు అంచుకు తగిలే చప్పుడు వింటారు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని వంటవాడి చేతివైపు చూస్తూ ఉంటారు. మీరు వంటగదిని వెనక్కి నెట్టి, ముందు గదిలో మొఘల్ రాజభవనం కడితే లాహోరును తలకిందులు చేసినట్టే. పొయ్యిల వరుసను వీధివైపు అద్దం వెనుకకు తీసుకురండి. గోడలకు ఒక్క పూత వేయకముందే ఆ గది లాహోరు అవుతుంది.

దీనివల్ల వచ్చే చిక్కులకు ముందే సిద్ధంగా ఉండాలి. సీఖ్ కబాబుల బొగ్గుల పొయ్యికి, గ్యాసు పొయ్యిలకు వేర్వేరు పొగగొట్టాలు పెట్టించండి; నూనె ఆవిరి, నిప్పురవ్వలు ఒకే గొట్టంలో కలవడం ప్రమాదం. టకాటక్ విషయంలో చప్పుడు గురించి ఆలోచించాలి. మేక గుండె, మూత్రపిండాలు, భేజా వంటి వాటిని పెనం మీద రెండు రేకు కత్తులతో తాళం వేసినట్టు తరుగుతూ వేయించే వంటకం అది. దాని పేరే ఆ చప్పుడు. లాహోరు వీధిలో ఆ శబ్దం ఆకాశంలోకి పోతుంది. మూసిన గదిలో, గట్టి నేల మీద, అద్దాల మధ్య అదే శబ్దం పక్కవాళ్ల మాట వినబడనివ్వదు. పెనం పైభాగంలోనూ, దానికి ఎదురుగా ఉన్న గోడకూ శబ్దాన్ని పీల్చే పలకలు అమర్చి, చప్పుడు వినబడీ వినబడనంతగా ఉంచండి. పూర్తిగా ఆపివేస్తే మాత్రం ఆ వంటకానికి ప్రాణం పోతుంది.

బల్లల కొలతలు మామూలు రెస్టారెంటువి పనికిరావు. అడుగు వెడల్పు మూకుడు మధ్యలో, చుట్టూ నాన్ రొట్టెలు, పెరుగు, ముక్కలు, అన్నిటి చుట్టూ ఆరుగురి చేతులు ఉంటాయి కనుక బల్ల వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇద్దరి బల్లలు తక్కువ చేసి ఆరుగురివి, పదిమందివి ఎక్కువ పెట్టండి. ఈ కుటుంబాలు తాతల నుంచి చంటిపిల్లల దాకా కలిసి వస్తాయి. తినేది చేత్తోనే కాబట్టి చేతులు కడుక్కునే చోటును మరుగుదొడ్ల దారిలో దాచకుండా హాల్లోనే గౌరవంగా అమర్చండి. ముల్తాన్ నీలి పలకలకు సరైన చోటు అదే. ముదురు నీలం, ఆకాశనీలం, తెలుపు రంగుల్లో ఉండే ఆ పలకల పనిని (దాన్ని కాశీకారీ అంటారు) నీళ్ల దగ్గర గోడకు అతికిస్తే ఎంతో నిండుగా ఉంటుంది; నడిచే నేల మీద మాత్రం వద్దు, పెచ్చులూడుతుంది. నేలకు చిప్స్ వేయించండి. లాహోరు, కరాచీల్లోని పాత ఇళ్లలో చిప్స్ అంటారే, అది మన మొజాయిక్ గచ్చే. మీ యజమాని తల్లిగారు ఆ నేలను చూసి ముందుగా తమ పుట్టింటిని తలచుకుంటారని నా నమ్మకం.

ఇక ఆయన పంపిన ఫొటోల సంగతి. 1673లో పూర్తయిన బాద్‌షాహీ మసీదు ప్రార్థనాస్థలం. దాని గుమ్మటాన్ని, ప్రార్థన దిక్కును చూపే మిహ్రాబ్ గూటిని కూర్చునే అరల రూపంగా వాడటం భక్తులకు నొప్పి కలిగించవచ్చు. మొఘలుల కాలపు లాహోరు కావాలనుకుంటే వజీర్ ఖాన్ మసీదు పలకల మీది పూలతీగలనూ, సరుగుడు పోలిక చెట్లనూ చూసి నేర్చుకుని, వాటి రంగుల పొందికను తీసుకోండి. శీష్ మహల్ అద్దాల పని ఒక దీపం వెలుగు వేయి ముక్కలుగా విరిగేందుకు చేసినది. తెల్లని ఎల్ఈడీ కాంతి కింద అదే పని మంగలి దుకాణంలా కనబడుతుంది. కావాలంటే ప్రవేశం దగ్గర చిన్న గూడు ఒకటి అద్దాలతో చేయించి, అందులో ఒకే ఒక పసుపు దీపం పెట్టండి. జెండాను పాకిస్తాన్ స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 14కు వదిలేయమని యజమానికి మర్యాదగా చెప్పండి.

లారీ చిత్రకళ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ వాడేదీ, అందరూ పాడుచేసేదీ అదే. పాత బెడ్‌ఫోర్డ్ లారీల రేకు మీద ఎనామిల్ రంగులతో నెమళ్లు, చకోర పక్షులు, కళ్లు, కవితాపంక్తులు చేత్తో వేసి, మెరిసే చమక్ పట్టీ కత్తిరించి అతికించి, కేబిన్ పైన తాజ్ అనే కిరీటం నిలిపి, కింద గొలుసులు వేలాడదీస్తారు. రావల్పిండి పనికీ పెషావరు పనికీ తేడా ఉంటుంది. పెషావరు, బలూచిస్తాన్ వైపు చెక్కిన కొయ్య తలుపులు ఇష్టపడతారు. 2002లో వాషింగ్టన్‌లో జరిగిన స్మిత్‌సోనియన్ జానపద ఉత్సవంలో హైదర్ అలీ అనే కరాచీ చిత్రకారుడు అందరి ఎదుట లారీకి రంగులు వేసి చూపిన తర్వాత ఈ కళకు ప్రపంచమంతటా పేరొచ్చింది. దాన్ని వినైల్ కాగితం మీద అచ్చువేసి గోడంతా అంటిస్తే మిగిలేది గీతలు మాత్రమే. వంటగది నుంచి హాల్లోకి వచ్చే తలుపును ఒక్కదాన్ని రేకుతో చేయించి, తెలిసిన చిత్రకారుడితో నిజమైన ఎనామిల్‌తో వేయించండి. గంటకు వందసార్లు తెరుచుకునే ఆ తలుపు లారీ వెనుక తలుపులాగే గీతలు పడి పాతబడనివ్వండి. "మా కీ దువా, జన్నత్ కీ హవా" (అమ్మ దీవెన, స్వర్గపు గాలి) అని అక్కడ రాయించవచ్చు. "తల్లిదండ్రుల ఆశీస్సులు" అని రాసుకున్న మన లారీల వెనుక ప్రయాణించిన మీకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాత దగ్గర మరొక జాగ్రత్త. ఉర్దూను పాకిస్తాన్‌లో సాధారణంగా కుడి నుంచి ఎడమకు, వాలుగా దిగే నస్తాలీఖ్ శైలిలో రాస్తారు. అచ్చువేసేవాళ్ల కంప్యూటర్లో ఆ అక్షరాలు తరచూ విడిపోయి, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. నేను ఒకచోట గోడ పొడవునా ఇత్తడి అక్షరాలతో చేసిన అలాంటి తప్పును చూశాను. తెలుగులో ఒత్తులన్నీ పక్కన వరుసగా రాసి పెట్టినట్టుంది, ఉర్దూ చదివే అతిథులు నోరు మెదపలేక తల దించుకున్నారు. తయారీకి ముందు ప్రతి అక్షరాన్నీ చదవగలిగినవారికి చూపండి. ఖురాన్ వాక్యాలను అలంకారంగా పెట్టవద్దు. తిండి పడే చోట, చెప్పులు నడిచే చోట అవి ఉండకూడదు.

మద్యం ఉండదు కనుక బారుకు వదిలే స్థలం మీకు మిగులుతుంది. అక్కడ కశ్మీరీ చాయ్ పెట్టండి. ఆకుపచ్చ తేయాకును చిటికెడు సోడా వేసి చాలాసేపు మరిగించి, చల్లని నీళ్లు పోసి, గరిటెతో ఎత్తి ఎత్తి పోస్తే ఎర్రబారి, పాలు పడగానే గులాబీ రంగు తిరుగుతుంది. మీర్‌పూర్ వాళ్లకు అది ఇంటి పరిమళం. రంజాన్ నెలను కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి: మిగతా రోజుల్లో అతిథులు విడివిడిగా వస్తారు, ఇఫ్తారుకు 70 మందీ ఒకే నిమిషాన ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారు. బర్మింగ్‌హామ్‌లో సూర్యాస్తమయం డిసెంబరులో సాయంత్రం 4 గంటలకు ముందే, జూన్‌లో రాత్రి 9.30 ప్రాంతంలో అవుతుంది. రంజాన్ నెల ఏటా 10, 11 రోజులు ముందుగా వస్తుంది. పళ్లేలు వేడిగా నిలబెట్టే అరలు, ప్రార్థనకు ఒక చిన్న శుభ్రమైన గది ప్లానులో ఉండాలి.

మీ సంకోచం మంచిదే. దానికి మందు ఆ కుటుంబాన్ని అడగడం. 1967లో పూర్తయిన మంగ్లా ఆనకట్ట వల్ల పాత మీర్‌పూర్ పట్టణం నీటిలో మునిగి, లక్షమందికి పైగా నిర్వాసితులయ్యారు; వారిలో చాలామంది బ్రిటన్‌కు చేరారు. నీరు తగ్గిన రోజుల్లో అక్కడి పాత దర్గాలు, ఆలయాలు పైకి తేలి కనబడతాయి. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం బయటపడటాన్ని చూసిన తెలుగువారికి ఆ బాధ పరాయిది కాదు. తాతగారి ఫొటోలు, వెంట తెచ్చుకున్న పెట్టె, మునిగిన ఇంటి తాళంచెవి వంటివేమైనా ఆ ఇంట్లో ఉన్నాయేమో అడగండి. ఉంటే, యజమాని అడిగిన "పాకిస్తాన్ కనబడే గోడ" అదే.

ప్రశ్న: దుబాయిలో ఉంటున్నాం. పెషావరు మిత్రుడితో కలిసి చప్లీ కబాబు (బల్లపరుపుగా వేయించే మాంసం కబాబు), కహ్వా (పాలు లేని ఆకుపచ్చ టీ) అమ్మే చిన్న కేఫ్ తెరుస్తున్నాం. స్థలం 60 చదరపు మీటర్లే. అంతా నులక మంచాలే వేసి, పేరు "కిస్సా ఖ్వానీ" అని పెడదామనుకుంటున్నాం. మీ సలహా?
— ఒక పాఠకుడు, దుబాయి

జవాబు: పఠానుల హుజ్రా మన ఊరి చావడి లాంటిది, మగవాళ్లు, అతిథులు మంచాల మీద కూర్చుని మాట్లాడుకునే చోటు. కాబట్టి మంచం సరైన ఎంపికే, అంతటా మంచాలు మాత్రం సరికాదు. ఒక్కో మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఆక్రమించి నలుగురికి మించి కూర్చోనివ్వదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు దాని మీది నుంచి లేవలేరు. గోడ పక్కన మూడు వేసి, మిగతా చోట మామూలు బల్లలు పెట్టండి. నులక కంటే నవారు మేలు. చప్లీ కబాబు కొవ్వులో వేగుతుంది, ఆ జిడ్డు వాసనను నులక పీల్చుకుని వదలదు. నూలు నవారును విప్పి ఉతకవచ్చు. ఒక పెద్ద ఇత్తడి సమోవారును కౌంటరు మీద నిలబెడితే అలంకరణకు అంతకు మించి ఖర్చు అక్కర్లేదు.

పేరు విషయంలో ఒక మనవి. కిస్సా ఖ్వానీ అంటే పెషావరులోని కథలు చెప్పేవారి బజారు, నిజమే. కానీ 1930 ఏప్రిల్ 23న మన పెద్దలు సరిహద్దు గాంధీ అని పిలుచుకున్న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను అరెస్టు చేసినందుకు నిరసన తెలిపిన నిరాయుధుల మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది ఆ బజారులోనే. గఢ్వాలీ సిపాయిలు కొందరు కాల్చడానికి నిరాకరించి శిక్షలు అనుభవించారు. పేరు పెట్టుకోండి, కానీ దాని కింద చిన్న అక్షరాలతో ఆ తేదీని కూడా రాయించండి.

ప్రశ్న: మా కుటుంబానికి హైదరాబాద్‌లో పాత ఇరానీ కేఫ్ ఉంది. కరాచీ ఇరానీ హోటళ్ల పోలికతో మార్చాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. మంచిదేనా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: రెండూ ఇరాన్ నుంచి వలస వచ్చినవారు మొదలుపెట్టినవే, రెండింట్లోనూ పాలరాతి బల్లలు, వంపు కొయ్య కుర్చీలు, గోడ అద్దాలే ఉండేవి. కరాచీలో అవి చాలావరకు మూతపడ్డాయి. మీ దగ్గర ఇంకా నడుస్తున్నదాన్ని అక్కడ పోయినదాని నకలుగా మార్చడం ఎందుకు? కరాచీతో బంధమే చూపాలనుకుంటే వంటకాల్లో చూపండి. 1948 తర్వాత ఇక్కడి నుంచి వెళ్లినవారు కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఏర్పరచుకుని, బఘారా బైంగన్, మిర్చీ కా సాలన్, పచ్చళ్లను అక్కడ నిలబెట్టారు. అటు నుంచి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ పేరుతో బేకరీ తెరిచింది. ఈ రాకపోకలను ఒక చిన్న చట్రంలో రాసి గల్లా పెట్టె వెనుక తగిలించవచ్చు. పాలరాళ్లకు సానపట్టించండి. కుర్చీల పేము అల్లకం తెగితే ప్లైవుడ్ ముక్క కొట్టకుండా, అల్లేవారిని వెతికి మళ్లీ అల్లించండి.