పాత కంప్యూటర్‌తో ఆర్కేడ్ క్యాబినెట్ చేయాలంటే ముందు కంట్రోల్ ప్యానెల్, తర్వాతే పెట్టె

మీరు అడిగింది ఇది: ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది. దాంతో ఇద్దరు నిలబడి ఆడుకునే ఆర్కేడ్ క్యాబినెట్, అంటే గేమ్ సెంటర్లలో ఉండేలాంటి వీడియో గేమ్ పెట్టె, చేయాలనుంది. ఆ కంప్యూటర్ సరిపోతుందా, పని ఎక్కడ మొదలుపెట్టాలి, పాత ట్యూబ్ టీవీ వాడొచ్చా? నేను ఇలాంటిదే చేసి ఇంట్లో పెట్టుకున్నాను. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ఆడుతున్నాం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

కంప్యూటర్ సరిపోతుంది, దాని గురించి టెన్షన్ పడకండి. 1980ల ఆటలకు, 90ల టూడీ ఆటలకు మీ దగ్గరున్నది ధారాళంగా చాలు. గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు. మీ డబ్బు, ఓపిక రెండూ ఎక్కువగా పోవాల్సింది చేతికి తగిలే భాగం మీద, అంటే జాయ్‌స్టిక్కులు, బటన్లు ఉండే ప్యానెల్ మీద. చాలామంది ముందు ప్లైవుడ్ తెచ్చి అందమైన పెట్టె కోయిస్తారు, ప్యానెల్ సంగతి ఆఖర్న చూస్తారు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఈ వరుస తిరగెయ్యండి. పెట్టె లేకపోయినా మంచి ప్యానెల్ ఉంటే ఆట బాగుంటుంది. ప్యానెల్ బాగోలేకపోతే ఎంత మంచి పెట్టె అయినా కొన్నాళ్లకు బట్టలు ఆరేసుకునే స్టాండు అయిపోతుంది.

ప్యానెల్ ఎలా ఉండాలో ఆటలే చెప్తాయి. అందుకే ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో వాళ్లు నిజంగా ఆడే ఆటల పేర్లు రాయండి. వేల ఆటలు వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, చివరికి ఆడేవి గుప్పెడే. 1980లో వచ్చిన ప్యాక్-మ్యాన్‌లో ఆడటానికి బటనే లేదు, జాయ్‌స్టిక్ ఒక్కటే. డాంకీ కాంగ్ (1981)కు దూకడానికి ఒక బటన్ చాలు. మెటల్ స్లగ్ (1996)కు మూడు కావాలి. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ టూకు మూడు పంచులు, మూడు కిక్కులు కలిపి ఒక్కొక్కరికి ఆరు. మీ కాగితం మీద ఫైటింగ్ ఆటలు ఉంటే ఆరు బటన్లు పెట్టండి. లేకపోతే మూడు, నాలుగుతో ఆపేయండి. బటన్లు తక్కువగా ఉన్న ప్యానెల్ ముందు కొత్తవాళ్లు కూడా జంకకుండా నిలబడతారు.

జాయ్‌స్టిక్ దగ్గర ఇంకో విషయం ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. ప్యాక్-మ్యాన్, డాంకీ కాంగ్ లాంటివి నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ కోసం తయారైనవి. ఎనిమిది దిక్కుల దానితో ఆడితే మలుపు దగ్గర కర్ర మూలకు వెళ్తుంది, రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుంటాయి, ఎటు తిరగాలో ఆటకు అర్థం కాదు. నిచ్చెన ఎక్కాల్సిన చోట బొమ్మ అక్కడే ఆగిపోతుంది. ఫైటింగ్ ఆటలకేమో మూలలు లేకపోతే కుదరదు. కాబట్టి అడుగున కర్ర ఎటెటు కదలొచ్చో అడ్డుకట్ట వేసే రిస్ట్రిక్టర్ ప్లేటు తిప్పి నాలుగుకీ ఎనిమిదికీ మార్చుకునే రకం కొనండి. సాన్వా కంపెనీ జేఎల్ఎఫ్ మోడల్‌లో ఆ ప్లేటు అలా తిరుగుతుంది. నేను వాడుతున్నది కూడా అలాంటిదే. పాత ఆటలు ఆడే రోజుల్లో తిప్పి పెడతాను, క్షణంలో పని.

చెక్క కోసేముందు ప్యానెల్‌ను అట్టపెట్టె మీద పరీక్షించుకోండి. దళసరి అట్టపెట్టె ఒకటి తీసుకుని, పైన బటన్ల రంధ్రాలు కోసి, జాయ్‌స్టిక్ బిగించి, టేబుల్ మీద పెట్టి మీ డెస్క్‌టాప్‌కే తగిలించి ఆడండి. మేము కొన్ని వారాలు అలాగే ఆడాం. ఆ వారాల్లోనే మాకు కొలతలన్నీ తేలిపోయాయి. బటన్లు తిన్నని గీత మీద కన్నా వేళ్ల వంపును బట్టి కొంచెం విల్లులా ఉంటే మణికట్టు నొప్పి పుట్టదు. జాయ్‌స్టిక్‌కు, మొదటి బటన్‌కు మధ్య దూరం తక్కువైతే రెండు చేతులూ దగ్గరపడి భుజాలు ముడుచుకుపోతాయి. ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన నిలబడాలంటే ప్యానెల్ వెడల్పు 60 సెంటీమీటర్లు ఉన్నా మోచేతులు తగులుతాయి. మేము 70 దాటించాం, హాయిగా ఉంది. మీ భుజాలు, మీ పిల్లల చేతులు వేరు, అందుకే నా కొలతలు దించుకోవద్దు. అట్టను ఎన్నిసార్లైనా కోసుకోవచ్చు, ప్లైవుడ్‌ను అలా కోయలేం. ప్యానెల్ ఎత్తు కూడా ఇప్పుడే చూసుకోండి. పెద్దవాళ్లకు నేల నుంచి 95 సెంటీమీటర్ల చుట్టుపక్కల బాగుంటుంది. పిల్లల కోసం ఎత్తు తగ్గించకండి, వాళ్లకు ఒక పీట వెయ్యండి.

బటన్లలో రెండు రకాలున్నాయి. నొక్కితే టక్కున కూర్చునేవి పలుచని రేకుకు, ప్లాస్టిక్‌కు పనికొస్తాయి. కింద నుంచి నట్టు బిగించేవి చెక్కకు నప్పుతాయి. కొన్నాకే రంధ్రం కొలత చూడండి. జపాన్ పద్ధతి బటన్లకు 30 ఎంఎం, స్టార్ట్ బటన్‌కు 24 ఎంఎం, అమెరికన్ పద్ధతి వాటికి 28 ఎంఎం పైచిలుకు. ప్యానెల్‌కు 18 ఎంఎం చెక్క వాడితే జాయ్‌స్టిక్ కర్రలో సగం చెక్కలోనే పోతుంది, పైన పట్టుకోవడానికి పొట్టిగా మిగులుతుంది. జాయ్‌స్టిక్ కూర్చునే చోట అడుగు నుంచి రౌటర్ (చెక్కలో గాడి తీసే మెషీన్)తో గుంట తీయించండి, లేదా ప్యానెల్ వరకు 12 ఎంఎం ప్లైవుడ్ వాడండి. రంధ్రాలు వేసేటప్పుడు పైన మాస్కింగ్ టేపు అంటించి, సగం ఒకవైపు నుంచి, సగం రెండోవైపు నుంచి వేస్తే అంచులు లేచిపోవు.

వైరింగ్ చూడటానికి భయంగా ఉంటుంది గానీ ఇందులో సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. ప్రతి బటన్ కింద ఒక మైక్రోస్విచ్ ఉంటుంది. దానికి రెండే కాళ్లుంటే ఏది దేనికి తగిలించినా ఒకటే. మూడుంటే ‘కామన్’ అని ఉన్నదానికి గ్రౌండ్ వైరు, ‘నార్మల్లీ ఓపెన్’ అని ఉన్నదానికి సిగ్నల్ వైరు తగిలించి మూడోదాన్ని వదిలేయాలి. గ్రౌండ్ వైరు ఒక్కటే అన్ని బటన్లనూ కలుపుకుంటూ పోవచ్చు. సిగ్నల్ వైరు మాత్రం దేనిది దానికే. ఈ వైర్లన్నీ ఎన్‌కోడర్ అనే చిన్న బోర్డుకు చేరతాయి, అది యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు చెప్తుంది. వైరు చివర బిగించే టెర్మినళ్లు ఎక్కువగా 2.8 ఎంఎం, 4.8 ఎంఎం సైజుల్లో వస్తాయి, మీ స్విచ్‌కు ఏది పడుతుందో చూసి కొనండి.

పాత కీబోర్డు విప్పి దాని బోర్డునే ఎన్‌కోడర్‌గా వాడుకోవచ్చని కొందరు చెప్తారు. నేను వద్దంటాను. మామూలు కీబోర్డులో మీటలు అడ్డ, నిలువు గీతల గళ్లలా కలిసి ఉంటాయి. అందుకే కొన్ని మీటలు కలిపి నొక్కితే ఒకటి పలకదు, లేదా నొక్కనిది పలుకుతుంది. ఇద్దరు ఒకేసారి దబదబా నొక్కే ఆటకు అది పనికిరాదు. అసలు ఎన్‌కోడర్లలో చవకవి ఒక్కో ఆటగాడికి ఒక్కో బోర్డు, గేమ్‌ప్యాడ్‌లా కనిపిస్తాయి. బాగానే పనిచేస్తాయి, కానీ రెండు బోర్డులూ అచ్చంగా ఒకేలా ఉండటంతో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి మొదటి ఆటగాడు, రెండో ఆటగాడు తారుమారవుతారు. ఐ-ప్యాక్ లాంటి ఎన్‌కోడర్లు కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తాయి, ఒకే బోర్డు ఇద్దరికీ సరిపోతుంది, ఆ గొడవ ఉండదు. ఖర్చు ఎక్కువైనా ఇద్దరు ఆడే క్యాబినెట్‌కు నేను రెండోదే చెప్తాను.

సాఫ్ట్‌వేర్‌కు వస్తే, ముందు మీ హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకండి. బటోసెరా అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేయొచ్చు. ఎమ్యులేటర్లు (పాత గేమ్ మెషీన్లలా కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్లు), ఆటల మెనూ అన్నీ అందులోనే వస్తాయి. మీ పాత కంప్యూటర్‌కు పడుతుందో లేదో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. పడితే చిన్న ఎస్ఎస్‌డీ వేసి దాంట్లోకి మార్చుకోండి, తొందరగా ఆన్ అవుతుంది.

ఆర్కేడ్ ఆటలకు మూలం మేమ్ ఎమ్యులేటర్. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో దాన్ని మొదటిసారి విడుదల చేశారు, 2016 నుంచి ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో వస్తోంది. అసలు మెషీన్లు పాడైపోయినా వాటి పనితీరు రికార్డుగా మిగలాలన్నది ఆ ప్రాజెక్టు ఉద్దేశం. ఆ పని ఇన్నేళ్లుగా చేస్తున్నవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. ఈ ఉద్దేశం వల్లే మనం రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. వేగం కన్నా కచ్చితత్వానికే వాళ్లు పెద్దపీట వేస్తారు కాబట్టి కొత్త వెర్షన్లు పాత కంప్యూటర్ల మీద బరువుగా నడవొచ్చు. అసలు చిప్‌ల నుంచి మరింత సరైన కాపీ దొరికినప్పుడల్లా ఫైళ్లు మారతాయి కాబట్టి, ఆటల ఫైళ్లు మేమ్ వెర్షన్‌కు సరిపోవాలి. ఆట తెరుచుకోకపోతే చాలాసార్లు కారణం ఇదే, కంప్యూటర్ తప్పు కాదు. 90ల చివర్లో వచ్చిన త్రీడీ రేసింగ్ ఆటల మీద మాత్రం ఈ కంప్యూటర్‌తో ఆశ పెట్టుకోకండి.

ఆ ఆటల ఫైళ్లకు కాపీరైట్ ఉంది. పాతవి కదా అని ఉచితం అయిపోవు. గ్రిడ్‌లీ, రాబీ రోటో, స్టార్ ఫైర్ లాంటి కొన్నింటిని వాటి హక్కుదారులు అనుమతి ఇవ్వడంతో మేమ్ సొంత సైట్లోనే వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఇస్తున్నారు. ప్యానెల్ పరీక్షకు అవి చాలు. మిగతావాటికి కంపెనీలు పీసీ కోసం అమ్మే పాత ఆటల సంకలనాలు చూడండి, మీ ఎన్‌కోడర్‌తో అవీ ఆడుకోవచ్చు.

ట్యూబ్ టీవీ గురించి: దాని మీద ఆ ఆటలు అందంగా కనిపిస్తాయన్నది నిజమే, అవి గీసిందే అలాంటి తెరల కోసం. కానీ క్యాబినెట్‌లో పెట్టాలంటే బయటి డబ్బా విప్పాలి. లోపల వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా పిక్చర్ ట్యూబ్‌లో ఛార్జ్ నిలిచి ఉంటుంది. ఆ పని తెలిసిన మెకానిక్ పక్కన లేకపోతే దయచేసి విప్పొద్దు. డబ్బాతో సహా అలాగే అరలో పెట్టగలిగితే సరే, బరువుకు తగ్గట్టు అర గట్టిగా కట్టండి.

మామూలు ఎల్‌సీడీ మానిటర్ అయితే ఆకారం చూసుకోండి. ఆ కాలపు ఆటలు 4:3 తెరకు చేసినవి. 24 అంగుళాల వైడ్ మానిటర్ మీద 4:3 బొమ్మ 19.6 అంగుళాల తెర అంత వస్తుంది, పక్కల నల్ల పట్టీలు మిగులుతాయి. ప్యాక్-మ్యాన్, గెలాగా లాంటివి నిలువు తెర ఆటలు, అవి ఆ వైడ్ తెర వెడల్పులో సగం కూడా నింపవు. మీ కాగితం మీద నిలువు ఆటలే ఎక్కువగా ఉంటే మానిటర్‌నే నిలువుగా బిగించొచ్చు. అయితే అందుకు ఐపీఎస్ రకం తెర, అంటే పక్క నుంచి చూసినా రంగులు మారనిది, కావాలి. పాత టీఎన్ రకం మానిటర్‌ను నిలువుగా తిప్పితే, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

పెట్టె గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఇప్పటికి మీ కొలతలు మీ దగ్గరే ఉంటాయి. ప్లైవుడ్ తేలిక, మేకు పట్టు బాగుంటుంది. ఎండీఎఫ్‌కు పెయింట్ నున్నగా పడుతుంది కానీ బరువు, తడి తగిలితే ఉబ్బుతుంది, కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. వడ్రంగితో చేయించినా, మీరే చేసుకున్నా, తయారయ్యాక అది గది గుమ్మంలోంచి పడుతుందా అన్నది కోయకముందే కొలిచి చూసుకోండి. వెనక తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. కింద గాలి లోపలికి వచ్చే రంధ్రాలు, పైన వేడి బయటకు లాగే 120 ఎంఎం ఫ్యాను పెట్టండి.

మదర్‌బోర్డును విడదీసి చెక్కకు బిగించమనే సలహాలు కూడా కనిపిస్తాయి. మీ ఇంట్లో పిల్లలుంటే కంప్యూటర్‌ను దాని ఇనుప క్యాబినెట్‌తోనే అడుగున కూర్చోబెట్టండి. ఎర్తింగ్ సరిగా ఉంటుంది, కరెంటు భాగాలు బయటపడవు. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు.

లోపల పెట్టి తలుపు మూసేముందు మూడు పనులు చేసేయండి. పాత కంప్యూటర్ కాబట్టి మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే సెట్టింగులు పోతాయి, ఆన్ చేసినప్పుడల్లా ఏదో మీట నొక్కమని ఆగిపోవచ్చు, మీ దగ్గరేమో కీబోర్డు ఉండదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల మెనూలో) కీబోర్డు లేకపోయినా ఆగకుండా ముందుకు వెళ్లే సెట్టింగు ఉంటే పెట్టుకోండి. ఇక పవర్ బటన్: మదర్‌బోర్డు మీద ముందువైపు బటన్‌కు వెళ్లే రెండు పిన్నుల నుంచి వైరు తీసి, క్యాబినెట్ పక్కన ఒక ఆర్కేడ్ బటన్‌కు ఇవ్వండి. ఒక్కసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే సక్రమంగా షట్‌డౌన్. గోడ స్విచ్ ఆపేసి వెళ్లే అలవాటు ఉంటే డిస్క్‌లో ఫైళ్లు పాడవుతాయి, ఇంట్లో అందరికీ ఈ బటన్ చూపించండి.

మీ మానిటర్ మోడల్, కాగితం మీద రాసుకున్న ఆటల పేర్లు ఇక్కడ పెట్టండి. ఎన్ని బటన్లు, తెర అడ్డంగానా నిలువుగానా అన్నది చూసి చెప్తాను. అట్ట మీద గీసిన ప్యానెల్ ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది.