కుంటుతున్న గుర్రం దగ్గరికి ఐదేళ్ళ పాపని పంపొచ్చా?

అక్కా, మీరు అడిగింది నాకు అర్థమైన వరకు ఇదీ. చంద్రగిరి పక్కన మీ అన్న పెళ్ళి ఊరేగింపులకి తిప్పే గుర్రం పెట్టుకున్నాడు, పోయిన నెల తారురోడ్డు మీద జారి దాని ముందు కాలి నరం దెబ్బతినింది, ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులోనే కట్టేసి ఉంది. సెలవులకి మామ ఇంటికి పోతానని పాప ఒకటే గోల, వాళ్ళేమో "కుంటతా ఉండాది కదా, ఇప్పుడు ఏం చేస్తుందిలే, పంపించు" అంటున్నారు. పంపించండి, మామ ఇంటికి పోకపోతే ఇంక సెలవులేంది. కానీ ఆ "కుంటతా ఉండాది కదా" అనే మాట మాత్రం నమ్మొద్దు, బాగుండి రోజూ తిరిగే గుర్రం కంటే దెబ్బ తగిలి రెస్టులో ఉన్న గుర్రం దగ్గరే చిన్నపిల్లలకి డేంజర్ ఎక్కువ.

మా తాత తిరుపతిలో జట్కా తోలేవాడు, జట్కాలు పోయి ఆటోలు వచ్చినాక మా నాయన పెళ్ళి గుర్రాల్లోకి దిగినాడు, ఇప్పుడు మా చిన్నాయనా నేనూ చూసుకుంటా ఉన్నాం, రేణిగుంట రోడ్డు వైపు మా షెడ్డు. ఇంట్లో పిల్లోళ్ళు లేని రోజు లేదు, గుర్రం లేని రోజూ లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికగా చదవండి.

గుర్రానికి భయమేస్తే ముందు పారిపోదామనే చూస్తుంది, పారిపోడానికి దారి లేనప్పుడే తన్నడం, కరవడం. కట్టేసిన గుర్రానికి, అదీ కాలునొప్పితో ఉన్నదానికి, ఆ దారి మనమే మూసేశాం కదా. పైగా దెబ్బ తగిలింది ముందు కాలికి, తన్నేది వెనక్కాలితో. ఇంకోటి, రోజూ తిరిగి చెమట పట్టే జంతువుని సడన్‌గా కట్టేసి దాణా మాత్రం అవే ఉలవ గుగ్గిళ్ళు అదే తవుడు అదే కొలత పెడతా ఉంటే ఆ బలమంతా యాడికి పోవాల, తాడు విప్పిన రోజు ఎగురుతుంది, అప్పుడు పక్కన ఎవరున్నారని చూడదు.

దాని చూపు సంగతి కూడా తెలుసుకోండి. కళ్ళు తలకి రెండు పక్కల ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, కనపడనిది రెండే చోట్ల, ఒకటి సరిగ్గా తోక వెనక, ఇంకోటి నుదురు ముందు, ముక్కు కింద. మన పిల్లలు పోయేది కరెక్టుగా ఆ రెండు చోట్లకే, ముక్కు నిమరడానికి ముందుకి, తోక పట్టుకోడానికి వెనక్కి! పెద్దోళ్ళయినా సరే ఎడం పక్క భుజం వైపు నుంచి మాట్లాడతా దగ్గరికి పోయి మెడ మీద చెయ్యి వెయ్యాలి. ఇంకా ఏందంటే గుర్రం నిలబడే కునుకు తీస్తుంది, చూస్తే గమ్మున నిలబడినట్టే ఉంటుంది. మా చిన్నాయనకి తగిలింది అట్లే, తెల్లారుజామున చీకట్లో నీళ్ళ బకెట్ పట్టుకొని వెనక నుంచి పోయినాడు, కునుకులో ఉన్న గుర్రం ఉలిక్కిపడి ఒక్క తన్ను. తొడ మీద పడింది, ఎముక విరగలేదు గానీ తొడంతా నల్లగా కమిలిపోయింది. మనిషి తొడ ఉండే ఎత్తులోనే ఐదేళ్ళ బిడ్డ కడుపు, రొమ్ము ఉంటాయి అక్కా, కాలు ఇంకాస్త పైకి లేస్తే తలే, అది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

వెనక్కాళ్ళకి తాడు కట్టాం కదా అని మీ అన్న అంటాడు చూడండి, ఆ తాడు ఎంత పొడుగుందో అంత దూరం కాలొస్తుంది.

కాబట్టి పాప పోకముందే మీ అన్నకి ఫోన్ చేసి షెడ్డు చుట్టూ ఇంకో కంచె వెయ్యమనండి, గుర్రం మూతి గానీ కాలు గానీ అందనంత దూరంలో. ముళ్ళతీగ వద్దు, గుర్రమే కాళ్ళు కోసుకుంటుంది, సరుగుడు కట్టెలు బాగుంటాయి, కిందివైపు పిల్ల దూరే సందు లేకుండా చూసుకోవాల. గొళ్ళెం పెద్దోళ్ళ భుజం ఎత్తులో పెట్టాల. "దగ్గరికి పోవద్దమ్మా" అని వంద తూర్లు చెప్పండి, చెప్పడం మంచిదే, కానీ ఐదేళ్ళ బిడ్డ సరేనని తలూపిన దాని మీద ఆధారపడొద్దు, గొళ్ళెం మీద ఆధారపడండి. మా అక్క కొడుకు రోజూ బుద్ధిగా తలూపేవాడు, కుక్కపిల్ల షెడ్డులోకి దూరిందంటే మాత్రం వాడూ దాని వెనకే పరుగు! కంచె ఉంది కాబట్టి అక్కడే ఏడుస్తా నిలబడినాడు.

దాణా పెట్టే టైములో పిల్లలు అసలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, ఎంత సాధు గుర్రమైనా తిండి దగ్గర గుంజుకుంటుంది. చేత్తో బెల్లం ముక్క, క్యారెట్ తినిపించే వీడియోలు చూసి పాప అడుగుతుంది, అరచెయ్యి చాపి పెట్టాలని మనం చెప్తాం, పిల్లలు చివర్లో భయపడి వేళ్ళు ముడుస్తారు, అక్కడే పళ్ళు పడతాయి. బకెట్లో వేయించండి, ఆ బకెట్ మీ అన్న తీసుకుపోయి పెడతాడు, పాపకి తినిపించిన సంతోషమూ ఉంటుంది. కంచె బయట కూర్చోబెట్టి చెవులు చూసి చెప్పే ఆట ఆడించండి. చెవులు ముందుకుంటే దేన్నో గమనిస్తా ఉంది, వెనక్కి వాలి మెడకి అతుక్కుంటే కోపం, దగ్గరికి పోకూడదు. మా ఇంట్లో పిల్లోళ్ళు అ ఆలు రాకముందే ఇది నేర్చుకుంటారు.

ఇంత చేసినా ఒకవేళ తగిలిందనుకోండి, కడుపు మీద తన్ను పడితే పైన ఎర్రగా గుర్తు మాత్రమే కనిపిస్తుంది, లోపల కాలేయమో ప్లీహమో చిట్లి రక్తం కారుతుండొచ్చు, ఒక్కోసారి గంటల తర్వాత గానీ బయటపడదు. తలకి తగిలి బిడ్డ కాసేపు ఏడ్చి మళ్ళీ ఆడుకుంటా ఉన్నా సరే, ఇంటి దగ్గర చూద్దాంలే అనుకోవద్దు, 108 కి కొట్టి తిరుపతిలో రుయా పెద్దాసుపత్రికో దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికో తీసుకుపోండి, వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. మన సైడ్ దెబ్బ అంటే ముందు గుర్తొచ్చేది ఎముకలకి వేసే పుత్తూరు నాటు కట్టు, మా ఇంట్లోనూ దాని మీద నమ్మకం ఉన్నోళ్ళు ఉన్నారు, నేనెవర్నీ కాదనను, కానీ గుర్రం తన్నిన దెబ్బకి ముందు డాక్టరు, ఎక్స్‌రే, కడుపుకి స్కానింగ్, ఆ తర్వాతే మిగతావన్నీ. కరిస్తే కొళాయి నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, టీటీ ఇంజెక్షన్ తప్పనిసరి ఎందుకంటే గుర్రపు లద్దెలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, రేబిస్ టీకా కూడా అడగండి, వీధికుక్క కరిచిన గుర్రానికీ రేబిస్ వస్తుంది.

మా చిన్నాయన సంగతి చెప్తున్నా కదా, లేచి నడవగలిగినాడని మళ్ళీ బకెట్లు మోయడం మొదలుపెట్టినాడు, తొడ మళ్ళీ వాచింది. ఎవరో నూనె మాలీషు చెయ్యమన్నారు, డాక్టరు మాత్రం గట్టిగా వద్దన్నాడు, కండ లోపల రక్తం గడ్డ కట్టినప్పుడు మొదట్లోనే మాలీషు చేస్తే ఆ చోట ఎముకలాగా గట్టిపడే ప్రమాదం ఉందంట. నిదానంగా మోకాలు వంచడం, చాపడం, నడక, అట్లా వచ్చింది దారికి.

గుర్రం కాలు కూడా అంతే, ఇక్కడే మీ అన్నతో గట్టిగా మాట్లాడాల. మనం నరం అంటాం గానీ అది టెండన్, కండని ఎముకకి కలిపే తాడులాంటిది, కాలి వెనక అది దెబ్బతింటే కుంటడం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, కానీ లోపల అతకడానికి, పూర్తి పనికి రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. కుంటడం పోయింది, ముహూర్తాలు మొదలయ్యాయి, బేరాలు వస్తున్నాయని ఊరేగింపుకి తీసుకుపోతే అదే చోట మళ్ళీ తెగుతుంది, రెండో తూరి తెగితే ఆ గుర్రం పనికి రావడం కష్టం. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది కదా, చూపించి ఆ కాలికి అల్ట్రాసౌండ్ స్కాన్ సంగతి అడగమనండి, బండి ఎక్కించడం కుదరకపోతే 1962 కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో అయితే చల్లటి నీళ్ళు పైపుతో ఒక్కోసారి 15-20 నిమిషాలు రోజుకి కొన్ని తూర్లు పట్టడం మంచిది, ఆ టైము అయిపోయింది కాబట్టి ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు తాడు పట్టుకొని మెత్తటి నేల మీద కొద్ది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటా పోవాల. ఉలవలు బాగా తగ్గించి గడ్డి ఎక్కువ వెయ్యాల, లేకుంటే కడుపునొప్పి, గిట్టల వాపు రెండూ రావొచ్చు. బాగున్న కాలి మీదే బరువంతా మోస్తుంది కాబట్టి కింద ఒత్తుగా గడ్డి పరవాల. రెస్టులో ఉందని గిట్టలు కత్తిరించడం ఆపకూడదు, 6-8 వారాలకి ఒకసారి మామూలే. నొప్పి మాత్రలు సొంతంగా వెయ్యొద్దనండి, నొప్పి తెలీకపోతే గుర్రం గెంతి ఉన్నది కాస్తా తెంపుకుంటుంది, పైగా మనుషులకి వాడే డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్ తెచ్చి పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకి దాన్ని 2006 లోనే నిషేధించారు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత చెప్పి కొరడా తీసే పెద్దమనిషి ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు. నిజంగానే మూడు కాళ్ళ మీద నడిచే గుర్రం దగ్గర ఆ సామెత పనికిరాదని మీ అన్న చెప్పొచ్చు.

నడిపించే టైము గురించి ఒక మాట, అప్పుడే పాపని ఇంట్లో ఉంచాల. వారాల తరబడి కట్టేసిన గుర్రం బయటికొచ్చిన మొదటి నిమిషాల్లోనే ఎగురుతుంది, తాడు చివర పాప చేతికి ఇచ్చి ఫోటో తీద్దామనే మామలు ఉంటారు, మీ అన్న అట్లాంటోడు కాకపోతే మంచిదే. పెద్దోళ్ళు కూడా తాడు చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాల, లాగిందంటే వేళ్ళు పోతాయి.

బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఏనుగులు, గుర్రాలు అంత జనంలో నిదానంగా పోతాయి కదా అని మీ వదిన అన్నారని రాశారు. వాటికి ఆ జనం, ఆ శబ్దం అలవాటు చేసి ఉంటారు, పక్కనే మనిషి ఉంటాడు. పెళ్ళి ఊరేగింపుల్లో అట్లా ఉండదు, ఒక పక్క డీజే, ఒక పక్క పలక డప్పులు, కాళ్ళ దగ్గరే టపాసుల సరం, అందులో పెళ్ళికొడుకు ముందర తోడు పెళ్ళికొడుకని చిన్నబిడ్డని కూర్చోబెడతారు. మేము ఒప్పుకోం, దానివల్ల పోయిన బేరాలు ఉన్నాయి, పోనీ.

పాప ఎక్కుతానని ఏడుస్తుంది, తెలుసు. ఈ సెలవులకి మాత్రం కుదరదు, ఊరికే నిలబెట్టి ఒక్క ఫోటోకి అన్నా కుదరదు. వచ్చే ఏడాది స్కాన్ చూసి డాక్టరు సరే అంటే, ఇంకా బాగుండాలంటే వేరే పెద్ద వయసు సాధు గుర్రం దొరికితే, తలకి హెల్మెట్ పెట్టి, చెప్పులు కాకుండా మడమ ఉన్న బూట్లు వేసి, ఎందుకంటే చెప్పుకాలు రికాబులో, అంటే జీనుకి వేలాడే కాలు పెట్టే కడియంలో, ఇరుక్కుంటే పడినా కాలు ఊడి రాదు, గుర్రం ఈడ్చుకుపోతుంది, మీ అన్న తాడు పట్టుకొని ఇంకొకరు పక్కన పాప నడుము పట్టుకొని, మట్టి నేల మీద రెండు చుట్లు తిప్పండి. కంచె వేసినాక ఫోటో పెట్టండి, సందులు ఎక్కడున్నాయో చూసి చెప్తాను.