కరాటేలో చేరేముందు ఒక క్లాసు మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడమ్మా

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంతవరకు ఏ ఆటా ఆడింది లేదు, కళ్లజోడు కూడా ఉంది. కరాటే నేర్చుకోవాలని చాలా రోజులుగా కోరిక. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా? బ్లాక్ బెల్ట్‌కి ఎన్నేళ్లు పడుతుంది, ఆ తర్వాత కోచ్‌గా స్థిరపడొచ్చా? దెబ్బలు తగులుతాయి, చదువు పాడవుతుంది, వద్దు అంటున్నారు నాన్న. వచ్చే నెలలో పరీక్షలున్నాయి, అవి అయ్యాక చేరదామనుకుంటున్నా. ఏమేం చూసుకోవాలో చెప్పండి.

జవాబు: నేర్చుకోవడానికి 19 ఏళ్లు ఆలస్యం కానే కాదమ్మా. నలభై దాటాక తెల్ల బెల్ట్ కట్టుకుని చక్కగా నేర్చుకునేవాళ్లున్నారు. నిజానికి చిన్నపిల్లలకంటే నీ వయసువాళ్లకి ఒక లాభం ఉంది, మాస్టర్ ఎందుకలా చేయమంటున్నారో అర్థం చేసుకుని చేస్తారు. అయితే పతకాల సంగతి వేరు, అది దాచి నిన్ను ఆశపెట్టడం నాకిష్టం లేదు. ప్రపంచ కరాటే సమాఖ్య పోటీల్లో క్యాడెట్ విభాగం 14 ఏళ్లకే మొదలవుతుంది. అంటే నువ్వు మొదటి పంచ్ నేర్చుకునే రోజుకి నీ ఈడు పిల్లలు కొందరు ఐదేళ్లుగా పెద్ద పోటీల్లో ఆడుతూ ఉంటారు. ఒలింపిక్స్‌లో కరాటే ఉన్నది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో 2020 క్రీడల్లో. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. ఆసియా క్రీడల్లో 1994 నుంచి ఉంది, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు ఉన్నాయి, కాబట్టి పోటీ ఆటగా అది బతికే ఉంది. నీకు పోటీ మీద ఇష్టం పుడితే ఆడు, తప్పకుండా ఆడు, కానీ పతకం వస్తుంది, దాంతో జీవితం కుదురుకుంటుంది అన్న లెక్కతో మాత్రం చేరకు.

కోచ్ సంగతి. బ్లాక్ బెల్ట్ చేతికొస్తే చాలు, క్లాసులు పెట్టేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. బ్లాక్ బెల్ట్‌లో ఉండే మెట్లని డాన్‌లు అంటారు. మొదటి డాన్‌ని షోదాన్ అంటారు, అందులో 'షో' అంటే మొదలు అని అర్థం. అప్పటికి అక్షరాలు వచ్చాయన్నమాట, ఇక చదవడం మొదలుపెట్టాలి. వారానికి రెండుమూడు క్లాసులకి మానకుండా వెళ్తే మామూలుగా నాలుగైదేళ్లు పడుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. ఏడాదిలో ఇప్పిస్తాం అని ఎవరైనా మాటిచ్చారంటే అక్కడ చేరకు, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. అసలు ఈ డాన్ పద్ధతి కరాటేకి పుట్టుకతో వచ్చింది కూడా కాదు. జూడోని స్థాపించిన కానో జిగోరో మొదలుపెట్టిన ఆ పద్ధతిని కరాటే గురువు ఫునకోషి గిచిన్ 1924లో కరాటేలోకి తీసుకొచ్చి తన శిష్యులు కొందరికి మొదటిసారి డాన్ ఇచ్చారు. అంతకుముందు కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో తరతరాలుగా నేర్చుకున్నవాళ్లకి రంగు బెల్ట్‌లు లేవు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, బెల్ట్ రంగు కోసం టెన్షన్ పడే పిల్లల్ని, వాళ్లకంటే ఎక్కువ టెన్షన్ పడే తల్లిదండ్రుల్ని నేను చాలామందిని చూశాను.

నా అనుభవమే చెబుతాను. కాలేజీ రోజుల్లో నేను చేరినచోట రెండు నెలలకోసారి బెల్ట్ టెస్ట్ ఉండేది, ప్రతిసారీ అందరూ పాసే. ఏడాది తిరక్కుండా గ్రీన్ బెల్ట్ దాకా వచ్చేశాను. తర్వాత వేరే మాస్టర్ దగ్గరికి మారితే, ఆయన ఏ ప్రశ్నా అడగలేదు, జెన్కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి వెనక కాలు చాచి నిలబడే ఆ స్టాన్స్‌లో, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడవమన్నారు. ప్రతి అడుగుకీ నా వెనక మడమ లేచిపోతోంది. ఆ ఏడాదిలో ఒక్కరూ ఆ మాట నాకు చెప్పలేదు. మళ్లీ తెల్ల బెల్ట్‌తో చివరి వరసలో నిలబడ్డాను. ఆరు నెలలు. ఆ రోజు ఎంత ఏడుపొచ్చిందో ఇప్పటికీ గుర్తే, అందుకే ఈ విషయంలో నీకు ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇక కోచ్‌గా బతకడం అంటే ఏమిటో కూడా తెలుసుకో. మిగతావాళ్లకి సెలవున్నప్పుడే నీకు పని, సాయంత్రాలు, శని ఆదివారాలు. విద్యార్థులు నిలకడగా వస్తేనే ఆదాయం, పరీక్షల నెలల్లో సగం హాలు ఖాళీ. ముప్ఫైమందిలో ఎవరు కుంటుతున్నారో కనిపెట్టాలి, ప్రథమ చికిత్స తెలియాలి, తల్లిదండ్రులతో మాట్లాడటం రావాలి, లెక్కలు రాసుకోవాలి. వీటిలో ఒక్కటీ బెల్ట్ టెస్ట్‌లో అడగరు. కాబట్టి డిగ్రీ పూర్తి చెయ్యి. రెండుమూడేళ్లు గడిచాక కూడా ఈ ఇష్టం ఇలాగే ఉంటే, జూనియర్లకి నేర్పడంలో మీ మాస్టర్‌కి సాయంగా ఉండి చూడు, నేర్పడం నీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. పడితే వ్యాయామ విద్య, స్పోర్ట్స్ సైన్స్, ఫిజియోథెరపీ లాంటి చదువొకటి పక్కన ఉండేలా చూసుకో. అప్పుడు కరాటే నీకు అదనపు బలం అవుతుంది, దాని ఒక్కదాని మీదే ఇల్లు గడవాల్సిన ఒత్తిడి ఉండదు.

సరే, చేరేముందు చూసుకోవాల్సినవి అడిగావు. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ అని నాలుగు పెద్ద శైలులున్నాయి, ఏది మంచిదని ఇంటర్నెట్‌లో వెతుక్కుంటూ చాలామంది నెలలు గడిపేస్తారు. షోటోకాన్‌లో స్టాన్స్‌లు పొడుగ్గా, లోతుగా ఉంటాయి, గోజులో దగ్గర నుంచి ఎదుర్కోవడం, శ్వాస మీద శ్రద్ధ ఎక్కువ, షిటోలో కటాలు, అంటే ఒక్కరే వరసగా చేసే కదలికల పాఠాలు, చాలా ఎక్కువ, వాడోలో జుజుత్సు అనే జపాన్ యుద్ధవిద్య ఛాయలు కనిపిస్తాయి. మొదటి రెండేళ్లు నీకీ తేడా పెద్దగా తెలియదు. నిలబడటం, పిడికిలి బిగించడం, నడుము తిప్పడం, ఊపిరి వదలడం, ఏ శైలిలోనైనా మొదట ఇవే. నీకు నిజంగా తేడా తెలిసేది దెబ్బ ఎంత గట్టిగా తగలనిస్తారు అన్న దగ్గర. క్యోకుషిన్ లాంటి ఫుల్ కాంటాక్ట్ పద్ధతిలో ఛాతీ మీద, తొడల మీద పూర్తి బలంతోనే కొడతారు. ప్రపంచ సమాఖ్య నిబంధనల ప్రకారం ఆడే కుమితేలో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆటలో, దెబ్బని అదుపులో పెట్టాలి, లేకపోతే కొట్టినవాళ్లకే శిక్ష. టోక్యోలో పురుషుల 75 కిలోల పైవిభాగం ఫైనల్‌లో సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ ఆధిక్యంలో ఉండగా కొట్టిన కిక్‌కి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. ఆ దెబ్బ అదుపు తప్పిందని హమేదీని అనర్హుణ్ని చేసి, స్పృహలో లేని గంజ్‌జాదేకి స్వర్ణం ఇచ్చారు. ఈ సంగతి మీ నాన్నగారికి కూడా చెప్పు, కానీ సగం చెప్పి వదిలేయకు. నిబంధన ఉంది నిజమే, అయినా దెబ్బ తగిలింది. అందుకే ఎక్కడ, ఎవరి కళ్లముందు నేర్చుకుంటున్నావన్నది శైలి పేరుకంటే ముఖ్యం.

కాబట్టి ఫీజు కట్టకముందే ఒక క్లాసుకి వెళ్లి, వార్మప్ దగ్గర్నుంచి ఆఖరి నమస్కారం దాకా కూర్చో. చూడనివ్వం అంటే అక్కడితో ఆ చోటు మర్చిపో. ముందు వరసలో ఎగిరి కిక్‌లు కొట్టే సీనియర్ల మీదకే నీ చూపు పోతుంది, వాళ్లని కాదు, చివరి వరస చూడు. చేరిన మర్నాడు నువ్వుండేది అక్కడే కదా.

నేను ఒకసారి ఇలాగే కూర్చుని చూస్తున్నాను. కొత్తగా వచ్చిన అబ్బాయి బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించాడు, కొత్తవాళ్లలో ఇది చాలామంది చేసేదే. మాస్టర్ ఇచి, ని, సాన్ అని లెక్కపెడుతున్నవారు ఆగి, ఆ అబ్బాయి దగ్గరికెళ్లి, "చెయ్యి పట్టుకోనా" అని అడిగి, వేళ్లు ఒక్కొక్కటే తెరిచారు. నాలుగు వేళ్ల కొసలు అరచేతిలోకి గట్టిగా మడిచి, బొటనవేలు బయటినుంచి చూపుడువేలు, మధ్యవేలు మీదికి అడ్డంగా పెట్టి, ముందున్న రెండు పెద్ద కణుపుల మీద తట్టి, "తగిలితే ఇక్కడితో తగలాలి" అన్నారు. తర్వాత మణికట్టు వంగకుండా నిటారుగా సరిచేశారు. నిమిషం కూడా పట్టలేదు, మిగతా క్లాసంతా ఆ నిమిషంపాటు తొడలు వణుకుతున్నా అదే స్టాన్స్‌లో నిలబడింది. అలా వదిలేసి ఉంటే ఆ అబ్బాయి ప్యాడ్ మీద గట్టిగా కొట్టిన రోజు బొటనవేలు విరిగేది. చివరి వరసకి ఆ ఒక్క నిమిషం ఇచ్చే మాస్టర్ దొరికితే వాళ్లది ఏ శైలైనా సరే, చేరిపో.

ఆయన చెయ్యి పట్టుకునేముందు అడిగారు చూశావా, అది కూడా గమనించు. స్టాన్స్ సరిచేయడానికి ముట్టుకోక తప్పని సందర్భాలుంటాయి, చెప్పి ముట్టుకునే పద్ధతి ఉందో లేదో చూడు, అక్కడ నేర్చుకుంటున్న అమ్మాయిలతో విడిగా మాట్లాడు. బట్టలు మార్చుకునే చోటు ఎలా ఉందో చూడు. నీకు ఇబ్బందిగా అనిపిస్తే కారణం ఎవరికీ నిరూపించాల్సిన పని లేదు, లేచి వచ్చెయ్.

అడగాల్సినవి కూడా మొహమాటం లేకుండా అడుగు. కొత్తవాళ్లకి కుమితే ఎప్పుడు మొదలుపెడతారు? మొదటి కొన్ని నెలలు ఎవరు ఏ దెబ్బ కొడతారో ముందే చెప్పుకుని చేసే అభ్యాసమే ఉండాలి, రెండో వారంలోనే గ్లౌజులు ఇచ్చి రింగులోకి తోసే చోటు నీకొద్దు. మౌత్ గార్డ్, షిన్ గార్డ్ తప్పనిసరా? తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు? "కాసేపు కూర్చోబెడతాం" అన్నది సరైన జవాబు కాదు, ఆ రోజుకి ఆట ఆపేసి, డాక్టర్ సరేనన్నాకే మళ్లీ రానివ్వాలి. ఇక డబ్బు దగ్గర, నెల ఫీజు ఒక్కటే కాదు, బెల్ట్ టెస్ట్, డ్రెస్, సభ్యత్వం, క్యాంపులు అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో రాసి ఇమ్మను. మొత్తం ఏడాదికి ముందే కట్టకు, నెల నెలా కట్టే వీలున్నచోటే చూసుకో.

ఒంటి సంగతి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, పాత మోకాలి దెబ్బ, ఏదున్నా ముందు డాక్టర్‌కి చూపించి, మాస్టర్‌కీ చెప్పు. మోకాలు జాగ్రత్త. స్టాన్స్‌లో మోకాలి చిప్ప ఎటు చూస్తుందో పాదం వేళ్లూ అటే చూడాలి, పక్కనుంచి కిక్ కొట్టేటప్పుడు నేల మీదున్న పాదం కూడా తిరగాలి, అది తిరక్కుండా నడుము మాత్రమే తిప్పితే భారమంతా మోకాలి మీదే పడుతుంది. వెనకనుంచి వీపు మీద బరువేసి స్ప్లిట్ చేయించేవాళ్లుంటే ఒప్పుకోకు. పెంకులు పగలగొట్టడం, గచ్చు మీద పిడికిళ్లతో పుషప్‌లు కొత్తవాళ్ల పని కాదు. కళ్లజోడు తీసేసే కుమితే చేయాలి. సాఫ్ట్ లెన్సులు నీకు సరిపడతాయా అని కంటి డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకో, కటాలకీ ప్యాడ్ ప్రాక్టీసుకీ ఏం చేయాలో మాస్టర్ చెబుతారు.

నువ్వు రాయలేదు గానీ అమ్మాయిలు చాలామంది ఆత్మరక్షణ కోసమే వస్తారు, అందుకని ఒక మాట. ఆరు నెలల కరాటేతో కత్తి పట్టుకున్నవాణ్ని ఎదుర్కోగలనని అనుకోవద్దు, అలా చెప్పి చేర్చుకునేవాళ్లని నమ్మొద్దు. దూరం అంచనా వేయడం, గట్టిగా అరవడం, భయంలో బిగుసుకుపోకుండా కాళ్లు కదలడం, దొరికిన మొదటి సందులో పరుగెత్తడం, ఇవి మొదట పనికొస్తాయి. క్లాసులో కియాయ్ అని అరవమంటే మొదట్లో సిగ్గేస్తుంది, పర్వాలేదు, అరిచెయ్. ఎన్నాళ్లుగానో అణిచిపెట్టుకున్న గొంతు అక్కడ బయటికి వచ్చిన అమ్మాయిలు నాకు తెలుసు.

మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయంటే, విసుగ్గా ఉంటాయి. అదే స్టాన్స్, అదే పంచ్ వందలసార్లు, కుడిచెయ్యి ముందుకెళ్తుంటే ఎడమచెయ్యి నడుము దగ్గరికి లాగడం మర్చిపోతావు, అది గుర్తుంచుకుంటే కాళ్లు మర్చిపోతావు. రెండో వారం మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తాయి. చాలామంది మానేసేది రెండో నెలలోనే. మూడు నెలలు పూర్తయ్యేదాకా నచ్చిందా నచ్చలేదా అని తేల్చుకోకు, ఆ తర్వాత నచ్చకపోతే నిశ్చింతగా మానెయ్, అందులో ఓటమి ఏమీ లేదు.

మీ నాన్నగారి భయం అర్థంలేనిది కాదమ్మా, ఆయనతో వాదించకు. చూడ్డానికి వెళ్లే ఆ క్లాసుకి ఆయన్నీ తీసుకెళ్లు, ఆయన ప్రశ్నలు ఆయన్నే మాస్టర్‌ని అడగనివ్వు. వారానికి రెండు రోజులు, రోజుకి గంట అని ఇంట్లో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడు. ముందు పరీక్షలు కానివ్వు, ఈ నెలంతా రోజూ ఇరవై నిమిషాలు చురుగ్గా నడువు. చేరే రోజు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు, చెవిపోగులు తీసేసి, వదులు బట్టల్లో వెళ్లు. డ్రెస్ మాత్రం మొదటి నెల గడిచాకే కొనుక్కో.