లేక్ వ్యూ సరే, అలుగు నీళ్లు ఎటు పోతాయో చూశారా?

హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువు దగ్గర లేక్ వ్యూ ఫ్లాట్ చూస్తున్నాం, చెరువు వైపు ఫ్లాట్‌కి అడుగుకు ఎక్కువ చెప్తున్నారు, ముందుముందు రేటు పెరుగుతుందా అని అడిగారు. రేటు సంగతి తర్వాత చెప్తాను, ముందు మా ఇంటి సంగతి వినండి.

మాది సరూర్‌నగర్ చెరువు కట్ట కింద కాలనీ. 2014లో 150 గజాల్లో కట్టిన ఇల్లు కొన్నాం. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం), ప్లాన్ అన్నీ లాయర్‌కి చూపించాం. ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో లేదు, ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లోనూ లేదు. కట్ట కింద కాబట్టి బోరు ఎండదని బిల్డర్ అన్నాడు, ఆ మాట నిజమే, ఇప్పటికీ ఎండలేదు.

2020 అక్టోబర్ 13, మంగళవారం. పొద్దుటి నుంచి ఒకటే వాన. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది, కాసేపటికి బాత్రూం కన్నంలోంచి బుడబుడమంటూ నీళ్లు పైకి రావడం మొదలైంది. గోనెసంచి కుక్కి పైన గ్యాస్ సిలిండర్ పెట్టాం. ఈలోగా గేటు కిందనుంచి వీధి నీళ్లు కూడా వచ్చేశాయి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా అబ్బాయీ పైపోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల ఇంటికి మోసుకెళ్లాం. దిగొచ్చేసరికి ఫ్రిజ్ తేలి పక్కకి ఒరిగిపోయింది, బియ్యం బస్తా మునిగింది, ఇంటి కాగితాలు బీరువా కింది అరలో ఉన్నాయి. మర్నాడు మా వీధిలో పడవలు తిరిగాయి. తడిసిన ఆ రిజిస్ట్రేషన్ కాగితాలను మా ఆవిడ ఒక్కో పేజీ విడదీసి, పాత చీర మీద ఆరబెట్టి, ఇస్త్రీ చేసింది. సంపులోకి డ్రైనేజీ నీళ్లు పోయాయి, మూడుసార్లు కడిగించినా నెల రోజులు వాసన పోలేదు. ప్రభుత్వం ఇచ్చిన పదివేలు పరుపులకి కూడా చాలలేదు.

మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మిగులు నీళ్లు అలుగు, అంటే కట్టకి ఉన్న పొర్లుగట్టు, దూకి కింది చెరువులోకి పోవాలి. కట్ట కింద ఇప్పుడు కాలనీలున్న చోట ఒకప్పుడు ఆ చెరువు నీళ్లతో పండిన పొలాలు ఉండేవి, నీళ్లు పోయే కాలువలేమో ఇరుకు నాలాలైపోయాయి. అందరూ చెరువు లోపలివైపు శిఖం భూమి, అంటే చెరువు గర్భంలోని భూమి గురించే అడుగుతారు, కట్ట కింది వైపు గురించి ఎవరూ అడగరు, మేమూ అడగలేదు.

నాకు ఇంకో బాధ ఉంది. పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నిబంధనల్లోనే ఉంది. అయినా అలాంటి చోట్ల రిజిస్ట్రేషన్ అయిపోతుంది, ఇంటి పన్ను వేస్తారు, కరెంటు మీటరు ఇస్తారు, బ్యాంకు లోను కూడా ఇస్తుంది, ఇన్ని చూశాక మామూలు మనిషి నమ్మక ఏం చేస్తాడు? 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి, ఆగస్టులో తమ్మిడికుంట చెరువు దగ్గర ఫంక్షన్ హాలు కూలగొట్టేదాకా, రెవెన్యూ వాళ్లు దుర్గం చెరువు పక్క ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఎఫ్‌టీఎల్ అని రాసేదాకా కొనేవాళ్లలో చాలామందికి ఆ మాటే తెలీదు. చెరువులు ఖాళీ చేయించాల్సిందే, నేను ఒప్పుకుంటాను. కానీ అక్కడ కట్టుకోమని సంతకం పెట్టినవాళ్లని కూడా అడగాలి కదా.

ఇక రేటు. వ్యూ కోసం పెట్టిన ఎక్స్‌ట్రా డబ్బు మళ్లీ అమ్మేటప్పుడు తిరిగి రాదు, ఇది నా గట్టి నమ్మకం. మా వీధిలో ఒకాయన రెండేళ్లుగా ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఇదివరకు చూడ్డానికి వచ్చేవాళ్లు బోరు ఎన్ని అడుగులు అని అడిగేవాళ్లు, ఇప్పుడు గడప దాటకముందే 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి అంటున్నారు.

అమీన్‌పూర్ చెరువు అందం నాకు తెలుసు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చలికాలం ఆ పక్షుల్ని చూస్తే ఎవరికైనా అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. కానీ ముందు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) సైట్‌లో చెరువు మ్యాపు తీయండి, అది ఫైనల్ నోటిఫికేషనా ప్రిలిమినరీయా చూడండి, ప్రిలిమినరీ అయితే గీత ఇంకా మారొచ్చు. తర్వాత కట్ట ఎక్కి, అలుగు ఎక్కడుందో, దూకిన నీళ్లు ఎటు పోతాయో ఆ దారెంబడి నడవండి. అక్కడ ఇస్త్రీ బండి అతన్నో, పాత వాచ్‌మన్‌నో అడగండి, వాళ్లు దాచరు. సెల్లార్ గోడకి కొత్తగా రంగు వేసుంటే ఎందుకు వేశారో కనుక్కోండి.

టోకెన్ ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఒక్క వానాకాలం ఆగండి, గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ రోడ్డు చూసి రండి.