14 ఏళ్ల పిల్లవాడు బేస్‌బాల్‌కు పనికొస్తాడో లేదో ఎలా కొలవాలి? స్పీడ్ గన్ కొనాలా?

గన్ కొనకండి అన్నా. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. మీ వాడికి 14 ఏళ్లు, రాయి విసిరితే చిటారుకొమ్మన ఉన్న మామిడికాయ రాలుతుంది, స్కూల్లో కొత్తగా బేస్‌బాల్ పెట్టారు, పీఈటీ సారు వీడు పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, పనికొస్తాడన్నాడు, మీరు ఆన్‌లైన్‌లో స్పీడ్ గన్ చూసి కొనాలా వద్దా అని అడుగుతున్నారు. మా ఇంట్లో ఇలాంటి పిల్లవాడు లేడు. కానీ ఇలాంటి పిల్లలను ఎంత తప్పుగా కొలవొచ్చో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి ఆ తప్పును కాగితం మీద రాసింది నేనే.

మాది దేవరకొండ దగ్గర. డిగ్రీ రోజుల్లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడాను, జిల్లా టీం దాకా వెళ్లాను, అంతకు మించి లేదు. ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతున్నా. పదేళ్లు దాటింది, నల్లగొండలో ఒక కాలేజీ గ్రౌండులో అండర్-17 సెలెక్షన్స్ పెడితే నన్ను స్కోర్లు రాయడానికి పిలిచారు. చేతిరాత బాగుంటుందని పిలిచారు, ఆట వచ్చని కాదు.

నవంబర్ నెల. అయినా నల్లగొండ ఎండ తెలుసు కదా, తొమ్మిదికే చురుక్కుమంటోంది. పిల్లలకు వార్మప్ చేయించి, ముఖ్య అతిథి రాలేదని గంటన్నర కింద కూర్చోబెట్టారు. కండరాలు చల్లబడ్డ పిల్లలను లేపి బలమంతా పెట్టి విసరమంటే ఏమవుతుందో ఆ అతిథికి ఎవరూ చెప్పరు. ఆయన వచ్చి బ్యాట్ పట్టుకుని ఫోటో దిగి వెళ్లాడు. క్రికెట్ బ్యాట్ పట్టినట్టు నేలకు ఆనించి పట్టుకున్నాడు, అది వేరే సంగతి.

ఆ రోజు ప్రత్యేకత ఏంటంటే రాడార్ గన్, అదే మీరడిగిన స్పీడ్ గన్. సెలెక్టర్లలో ఒకాయన హైదరాబాద్ నుంచి తెచ్చాడు. పోలీసోళ్ల చేతిలో తప్ప అలాంటిది మేం చూడలేదు, పిల్లలే కాదు మేం కూడా చుట్టూ మూగాం. క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని ఎదురుగా పట్టేవాడు) వెనక, బాగా పక్కకు, ఒక పెద్ద వేపచెట్టు ఉంది. ఆయన దాని నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పిల్లవాడు విసరడం, ఆయన అంకె చెప్పడం, నేను రాయడం. గంటకు ఇన్ని మైళ్లు అని చదువుతుంటే ఎంత శాస్త్రీయంగా ఉందో అనిపించింది నాకు.

పొద్దున బ్యాచ్‌లో ఒక లంబాడీ పిల్లగాడు వచ్చాడు, డిండి అవతల తండా నుంచి. కాళ్లకు చెప్పుల్లేవు. వాళ్ల స్కూల్ సారు వేరే ఆటకు పిల్లలను తీసుకొస్తూ, బండిలో ఖాళీ ఉందని వీడిని కూడా ఎక్కించుకున్నాడట.

"ఏం తమ్మీ, ఈ బంతి ఎప్పుడన్నా పట్టినవా?" అంటే, "లే సార్, ఒడిసెల ఇసురుత" అన్నాడు. జొన్న చేను మీద పిట్టలు వాలకుండా మంచె మీద నిలబడి రాళ్లు విసరడం వాడి పని. పుర్రచెయ్యి వాటం. మొదటి బంతి క్యాచర్ తల మీదుగా పోయింది, రెండోది కూడా. మూడోది సరిగ్గా గ్లౌజులో పడింది, క్యాచర్ చెయ్యి విదిలించుకున్నాడు. కుర్చీలో నుంచి "యాభై ఎనిమిది" అన్నారు. రాశాను.

ఇక్కడ ఇంకోటి జరిగింది. కిట్‌లో నాలుగు గ్లౌజులున్నాయి, నాలుగూ ఎడమ చేతికి తొడిగేవే, అంటే కుడి చేత్తో విసిరేవాళ్లవి. వీడు ఎడమతో విసురుతాడు కాబట్టి గ్లౌజు కుడి చేతికి ఉండాలి. పాపం, ఉన్నదాన్నే కుడి చేతికి ఎక్కించుకోబోతే బొటనవేలు చిటికెన వేలు గదిలో ఇరుక్కుంది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విప్పి పక్కన పెట్టాడు. తప్పు తనదే అనుకున్నాడు, గ్లౌజు తొడుక్కోవడం తనకే రాదనుకున్నాడు. అక్కడున్న పెద్దవాళ్లం ఒక్కరం కూడా "గ్లౌజు వేరేది కావాలి" అనలేదు. ఆ తర్వాత క్యాచర్ బంతిని నేల మీద దొర్లించి పంపుతుంటే వాడు వంగి తీసుకుని మళ్లీ విసిరేవాడు. ఫీల్డింగ్ టెస్ట్‌లో బ్యాట్‌తో నేల బంతులు కొట్టారు. ఒట్టి చేత్తో రెండు ఆపాడు, మూడోది మొరం మీద ఎగిరి మణికట్టుకు తగిలింది, నాలుగోదానికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఫీల్డింగ్ వీక్, భయం ఉంది" అన్నారు. అదీ రాశాను.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక రెండో బ్యాచ్. ఈలోపు సూర్యుడు పడమటికి తిరిగాడు, వేపచెట్టు నీడ తూర్పుకు జరిగింది, నీడతో పాటు కుర్చీ కూడా జరిగింది. ఇప్పుడది దాదాపు క్యాచర్ వెనకే ఉంది. చిత్రంగా మధ్యాహ్నం పిల్లలందరికీ వేగం పెరిగింది. 62, 64, 65. "అన్నం పడ్డాక ఊపొచ్చింది" అని నవ్వుకున్నాం కూడా. పిచర్లుగా ఎంపికైనవాళ్లంతా మధ్యాహ్నం బ్యాచే.

అసలు సంగతి నాకు చాలా రోజుల తర్వాత, అలాంటి గన్ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకం చదివితే తెలిసింది. రాడార్ తన వైపు వచ్చే వేగాన్నే చూస్తుంది. సాగర్ రోడ్డు మీద ఎదురుగా నిలబడితే బస్సు మీదికి వస్తున్నట్టుంటుంది, పక్కన పొలంలో నిలబడితే ముందు నుంచి దాటిపోతున్నట్టుంటుంది, బస్సు వేగం మాత్రం ఒక్కటే. పక్కనుంచి 30 డిగ్రీల కోణంలో చూస్తే గన్ 100 వేగాన్ని 87గా చూపిస్తుంది. పక్కన ఉంటే తక్కువే చూపిస్తుంది, ఎక్కువ ఎప్పుడూ చూపించదు. పొద్దున కుర్చీ ఉన్న చోటు నాకింకా గుర్తుంది, బంతి దారికి 30 అడుగులు పక్కకు ఉంది, కోణం ఇంచుమించు అంతే. 58ని 0.87తో భాగించి చూడండి. దాదాపు 67. గ్లౌజు లేకుండా, జీవితంలో మొదటిసారి ఆ బంతి పట్టుకున్న పిల్లగాడు ఆ రోజు గ్రౌండులో అందరికంటే వేగంగా విసిరాడు. వేపచెట్టు నీడ వాణ్ణి ఇంటికి పంపింది.

ఏడాది కింద ఆధార్ జిరాక్స్ కోసం మా షాపుకొచ్చాడు. సంతకం ఎడమ చేత్తో పెడుతుంటే గుర్తుపట్టాను. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడట. బంతి సంగతి పెద్దగా గుర్తులేదన్నాడు, ఆ రోజు పెట్టిన పులిహోర మాత్రం గుర్తుందట. నేను జిరాక్స్ డబ్బులు తీసుకోలేదు, ఎందుకని అడిగితే చెప్పలేదు.

సరే, గన్ సరిగ్గా పట్టుకుంటే చాలు కదా అంటారు. చాలదు. 2008లో మన దేశంలోనే టీవీ పోటీ పెట్టి, గన్‌తో వేలమందిని కొలిచి రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరిని తీశారు. ఇద్దరూ యూపీ వాళ్లు, జావెలిన్ విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకున్నవాళ్లు కాదు. అమెరికా తీసుకెళ్లి నేర్పిస్తే అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అక్కడి టీం ఒప్పందం చేసుకుంది. గొప్ప విషయమే, కాదనను. కానీ ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్, అంటే అక్కడి అన్నిటికంటే పెద్ద లీగ్ దాకా పోలేదు, రింకూ తర్వాత కుస్తీ షోలలోకి వెళ్లాడు. గన్ చేతిని పట్టిస్తుంది, ఆటగాణ్ణి కాదు. వాళ్లు జావెలిన్ వాళ్లు కావడం మాత్రం ఊరికే కాదని నా నమ్మకం. ఒడిసెల తిప్పినవాడికి, జావెలిన్ విసిరినవాడికి ఎప్పుడు వదలాలో నేర్పక్కర్లేదు. రుజువు చూపించమంటే నా దగ్గర లేదు, నేను చూసిందే చెబుతున్నా.

అమెరికాలో ఆటగాళ్లను వెతికిపట్టే స్కౌట్లు ఎలా కొలుస్తారో కూడా కొంచెం తెలుసుకోండి, మన వాళ్లు నేర్చుకోవాల్సింది గన్ కాదు, అది. వాళ్లకు 20 నుంచి 80 దాకా ఒక స్కేల్ ఉంది, 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాట్‌తో బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు, ఈ ఐదింటికీ విడివిడిగా మార్కులు. పిచర్ అయితే వేసే ఒక్కో రకం బంతికీ, అదుపుకీ వేరువేరుగా వేస్తారు. అసలు కిటుకు ఏంటంటే ఒక్కోదానికి రెండు అంకెలు రాస్తారు, ఇవాళ ఎంత, రేపు ఎంత కావొచ్చు అని. మన షీట్‌లో ఒకటే గడి. మీ వాడి ఇవాళ్టి అంకె 20 దాటకపోయినా సిగ్గుపడే పనిలేదు. ఇంత చేసి వాళ్లూ బోల్తా పడతారు. మైక్ పియాజా అనే ఆటగాణ్ణి 1988 డ్రాఫ్ట్‌లో (టీంలు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే పద్ధతి) 62వ రౌండ్‌లో, 1390వ వాడిగా తీసుకున్నారు, ఆయన 2016లో ఆట మహామహుల హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు.

ఇంకో సంగతి, వయసు. అండర్-14కు మీసాలు గీసుకుని వచ్చేవాళ్లను నా కళ్లతో చూశాను, బోనఫైడ్ మాత్రం పక్కాగా ఉంటుంది. మన దగ్గరే అనుకోకండి. 2001లో అమెరికాలో పిల్లల పోటీ అయిన లిటిల్ లీగ్‌లో డానీ అల్మోంటే అనే పిల్లవాడు 12 ఏళ్లవాళ్ల మధ్య ఎవరికీ బంతి దొరకనివ్వలేదు, తీరా చూస్తే వాడికి 14. టీం గెలుపులన్నీ రద్దు చేశారు. 14 ఏళ్లప్పుడు రెండేళ్ల తేడా అంటే భుజాలే వేరు, వాడి పక్కన నిజం వయసు పిల్లవాడిని నిలబెట్టి అంకెలు పోలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

ఇప్పుడు మీ పని. మీ ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే అది చాలు. టేపు పెట్టి పిచర్ నిలబడే చోటు నుంచి ప్లేట్ (బంతి దాటాల్సిన చోట నేల మీద ఉండే పలక) దాకా 60 అడుగుల 6 అంగుళాలు కొలవండి, అడుగులేసి కాదు, టేపుతోనే. ఇటు పిచర్ చెయ్యి, అటు ప్లేట్ రెండూ కనిపించేలా ఫోన్ పక్కనుంచి పెట్టండి. అంటే గన్‌కు పనికిరాని చోటే దీనికి సరైన చోటు. విసిరేవాడు ముందుకు అడుగేసి వదులుతాడు కాబట్టి బంతి గాలిలో పోయేది దాదాపు 55 అడుగులు. వదిలిన ఫ్రేము నుంచి ప్లేట్ దాటే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 132 వచ్చాయంటే 0.55 సెకను, అంటే సెకనుకు 100 అడుగులు, గంటకు 110 కిలోమీటర్లు. అది సగటు, చెయ్యి వదిలినప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఖర్చు సున్నా.

అయితే నేను చూడమనేది ఆ అంకెను కాదు. మొదటి ఐదు బంతుల ఫ్రేముల లెక్క, ఇరవయ్యో బంతి తర్వాతి ఐదు బంతుల ఫ్రేముల లెక్క పక్కపక్కన రాయండి. గోడ మీద సుద్దముక్కతో నడుము ఎత్తున చిన్న డబ్బా గీసి, ఇరవైలో ఎన్ని అందులో పడ్డాయో రాయండి. నెల తర్వాత మళ్లీ. మీ పిల్లవాడికి పోటీ మొన్నటి మీ పిల్లవాడే.

ఇంకా చూస్తా, ఇంకా చూస్తా అని రోజూ వంద వేయించకండి. సెలెక్షన్స్‌లో ఇదే గొడవ, పది మంది పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు "ఇంకోటి వెయ్యి" అంటారు, లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అమెరికాలో 13, 14 ఏళ్ల పిల్లలకు రోజుకు 95 బంతులే గరిష్ఠమని నియమం పెట్టుకున్నారు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి, 20కి మించకపోతేనే మర్నాడు మళ్లీ వేయొచ్చు. మోచేతి ఎముక ఇంకా పెరుగుతున్న వయసు అది. మోచెయ్యి లోపలి వైపు నొప్పి అంటే ఆ రోజే ఆపేసి ఎముకల డాక్టర్‌కు చూపించండి, జండూబామ్ రాసి పంపొద్దు.

మీ ప్రశ్నలో ఒక్కటి రాయలేదు మీరు. వాడు ఏ చేత్తో విసురుతాడు? ఎడమ చేత్తో అయితే గన్‌కు పెట్టే డబ్బులతో గ్లౌజు కొనండి, కుడి చేతికి తొడిగేది అని గట్టిగా చెప్పండి, కవర్ మీద లెఫ్ట్ హ్యాండ్ త్రో అని ఉంటుంది. ఇక్కడి దుకాణాల్లో అలాంటివి రావంటారు, అయినా ఆర్డర్ పెట్టించండి, తెప్పిస్తారు. రాగానే చేతికి తొడిగించి, బొటనవేలు దాని గదిలోనే ఉందో లేదో మీరే చూడండి.